మెరకెక్కిన ఓడ: లాగాలా, అట్లనే ఉంచాలా?

నాట్లప్పుడు పరకాల దిక్కు పొలంలో ట్రాక్టర్ దిగబడితే రెండు రకాల డ్రైవర్లు కనిపిస్తారు. ఒకాయన రేసు మీద రేసు ఇస్తాడు. చక్రం తిరిగినకొద్దీ కింది బురద తవ్వుకుపోయి బండి ఇరుసు దాకా కూరుకుంటుంది. ఇంకొకాయన ఇంజన్ బంద్ చేసి దిగుతాడు, కర్రతో పొడిచి గట్టి నేల ఎంత లోతున ఉందో చూస్తాడు, ఆ తర్వాతే తాడు తెమ్మంటాడు. వేల మంది ఎక్కిన క్రూయిజ్ ఓడ మెరకెక్కినప్పుడు కెప్టెన్ కూడా ఈ ఇద్దరిలో ఒకడవుతాడు. కాకపోతే ట్రాక్టర్‌ను ఎట్ల లాగినా అది పొలంలోనే ఉంటుంది. చిల్లు పడ్డ ఓడను తప్పు గంటలో లాగితే అది మెరక దిగి, లోతు నీళ్లలోకి పోయి మునుగుతుంది.

వరంగల్ నుంచి మచిలీపట్నం తీరం నేరుగా గీత గీసినా 250 కిలోమీటర్లు. అయినా ఇప్పుడు హనుమకొండ నుంచి, కరీంనగర్ నుంచి చెన్నైకో ముంబైకో పోయి క్రూయిజ్ ఎక్కేవాళ్లు బాగానే ఉన్నారు. ఎక్కేముందు ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మాట ఒక్కటే: "మునిగిపోతే ఎట్ల?" అడగడంలో తప్పు లేదు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన బోటులో మన కడిపికొండ వాళ్లు ఉన్నారు, ఆ రోజు ఇక్కడెవరూ మరిచిపోలేదు. కానీ అది నది సుడిలో బోటు మునిగిన సంగతి. సముద్రపు ఓడ నేల తగలడం వేరే లెక్క. నేల తగిలిన ఓడల్లో ఎక్కువ వాటిలో ప్రాణనష్టమే ఉండదు. ఒకటీ అరా మాత్రం ఘోరంగా ముగుస్తాయి. ఆ తేడా ఎక్కడ వస్తుందో చూద్దాం.

ముందు చిల్లు సంగతి. ఓడ అడుగున, నీటి మట్టానికి 5 మీటర్ల కింద, అరచేయంత, అంటే 10 సెంటీమీటర్ల చదరం చిల్లు పడిందనుకోండి. సెకనుకు 60 లీటర్ల దాకా నీళ్లు వస్తాయి, గంటకు దాదాపు 210 టన్నులు. భయపెట్టే అంకెలాగే ఉంటుంది గానీ పెద్ద ఓడలో అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంపు ఒకటి ఈ పని చూసుకుంటుంది. అదే చిల్లు ఒక మీటరు చదరం అయితే? సెకనుకు 6 టన్నులు, గంటకు 21,000 టన్నులు. చెరువు తూము పూర్తిగా ఎత్తితే వచ్చే ధార చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఓడలోని పంపులన్నీ కలిపినా దాంట్లో పదో వంతు కూడా తోడలేవు. అంటే ఒక హద్దు దాటాక పంపుల మాటే ఉండదు, గోడల మాటే ఉంటుంది.

ఆ గోడలనే బల్క్‌హెడ్‌లు అంటారు. ఓడను అడ్డంగా కోస్తూ, ముందు నుంచి వెనుక దాకా పదిహేను ఇరవై నీళ్లు దూరని గదులుగా విడగొడతాయి. 15 మీటర్ల పొడవు, 35 మీటర్ల వెడల్పు గదిలో నీటి మట్టం దాకా ఉన్న ఖాళీ ఓ నాలుగు వేల ఘనమీటర్లు. మీటరు చదరం చిల్లుతో అది పది పన్నెండు నిమిషాల్లో నిండుతుంది, పైకి వస్తున్నకొద్దీ కాస్త నెమ్మదిగా. నిండనివ్వండి, ఒక గది నిండితే ఓడకేం కాదు. పక్కపక్కనే రెండు గదులు నిండినా తేలేలా కడతారు. చూడాల్సింది చిల్లు ఎంత పెద్దదని కాదు, ఎంత పొడవుదని. ఎన్ని గోడలు దాటింది?

2012 జనవరి 13 రాత్రి ఇటలీలో జిల్లియో దీవి దగ్గర కోస్టా కాంకార్డియాకు జరిగింది ఇదే. 290 మీటర్ల ఓడ, అందులో 4,229 మంది. 21:45కు, దాదాపు 16 నాట్ల (గంటకు 30 కిలోమీటర్ల) వేగంతో లే స్కోలే అనే రాళ్లకు ఎడమ పక్క రాసుకుంది. చీలిక 53 మీటర్లు. వరుసగా ఐదు గదుల్లోకి నీళ్లొచ్చాయి. ఓడను కట్టిందేమో రెండు గదులు నిండినా తేలేటట్లు. అదే ఓడ అదే రాయికి ఎదురుగా ముక్కుతో గుద్దుకొని ఉంటే ముందు ఒకటి రెండు గదులు నలిగేవి, జనం కిందపడి దెబ్బలు తగిలేవి, ఓడ మాత్రం బహుశా తేలేది. ముక్కుతో గుద్దడం కంటే పక్క గీసుకోవడం ప్రమాదమన్నది వినడానికి వింతగా ఉంటుంది. ఆఖరి క్షణంలో చుక్కాని తిప్పి తప్పించుకోబోయినప్పుడు జరిగేది తరచూ ఆ రెండోదే.

"ఓడకు డబుల్ బాటమ్ ఉంటుంది కదా" అంటారు. ఉంటుంది. అడుగు రేకుకు పైన ఓడ వెడల్పులో ఇరవయ్యో వంతు ఎత్తున, పెద్ద ఓడలకు 2 మీటర్ల దాకా, ఇంకో అడుగు ఉంటుంది. ఇసుక మీదో, చదును రాతి మీదో కూర్చుంటే అది ప్రాణం కాపాడుతుంది, కింది రేకు చిరిగినా పై రేకు నీళ్లను ఆపుతుంది. కానీ అడుగు పక్కకు తిరిగి గోడగా లేచేచోట ఆ రెండో పొర సాయం ఉండదు. కాంకార్డియా చిరిగింది పక్కన. మన గంజుకు అడుగు మందంగా పోసి, పక్కలు పలుచగా సాగదీసినట్టే అనుకోండి.

ఆ ఐదు గదుల్లో ఏమున్నాయన్నది ఇంకో పెద్ద విషయం. స్టోర్ రూములు, లాండ్రీ మునిగితే ఒక కథ. కాంకార్డియాలో మునిగినవాటిలో జనరేటర్లు, ప్రొపెల్లర్ తిప్పే మోటార్లు ఉన్నాయి. ఇప్పటి క్రూయిజ్ ఓడ అంటే తేలే పవర్‌హౌస్. వంట పొయ్యి నుంచి ప్రొపెల్లర్ దాకా అన్నీ కరెంటు మీదే. కరెంటు పోతే పంపుల్లేవు, చుక్కాని లేదు, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూపే స్క్రీన్లు బ్రిడ్జి (కెప్టెన్ ఓడను నడిపే గది) మీద ఉంటాయి, వాటి మీదా భరోసా లేదు. అందుకే నిబంధనల ప్రకారం నీటి మట్టానికి చాలా పైన, విడిగా ఒక ఎమర్జెన్సీ జనరేటర్ ఉండాలి. అది 45 సెకన్లలో తనంతట తాను అందుకోవాలి, 36 గంటలు నడవాలి. కాంకార్డియాలో అది నిలకడగా పనిచేయలేదు. ఆ తర్వాత ఓడను నడిపింది కెప్టెన్ కాదు, గాలి. ఈశాన్యం గాలి ఓడను తిప్పి మళ్లీ దీవి ఒడ్డుకే నెట్టింది. 32 మంది పోయారు. ఆ గాలి అటు వైపు వీచి ఓడను బయటి లోతుకు తోసి ఉంటే లెక్క ఎక్కడిదాకా పోయేదో ఊహించడమే కష్టం. ఈ ప్రమాదం గురించి కెప్టెన్ తప్పుల మీద మస్తుగా రాశారు, ఈ గాలి సంగతి మాత్రం ఎక్కువమంది పట్టించుకోలేదు.

దాన్నిబట్టి నేలే అసలు శత్రువు అనుకోవడం సగం తప్పు. చిల్లు పడ్డ ఓడకు నేల ఆసరా కూడా. 1998 డిసెంబర్‌లో కరీబియన్‌లో మోనార్క్ ఆఫ్ ది సీస్ అనే క్రూయిజ్ ఓడ సెయింట్ మార్టిన్ దగ్గర ప్రొసెలైట్ రీఫ్‌కు తగిలి చిరిగింది. కెప్టెన్ దాన్ని తీసుకుపోయి కావాలనే గ్రేట్ బేలో ఇసుక తిన్నె మీద కూర్చోబెట్టాడు. 2,500 మందికి పైగా ప్రయాణికులు, ఒక్కరికీ ప్రాణాపాయం లేదు. 2007 ఏప్రిల్ 5న గ్రీసులో సీ డైమండ్ సాంటొరిని దగ్గర రాయికి తగిలింది. అక్కడి సముద్రం అగ్నిపర్వతపు గుంట, ఒడ్డు పక్కనే నిట్టనిలువు లోతు. కూర్చోవడానికి మెరక లేదు. మరునాటి పొద్దునకల్లా మునిగింది. ముక్కు భాగం 60 మీటర్ల పైచిలుకు లోతులో, వెనుక భాగం దాదాపు 180 మీటర్ల లోతులో పడుంది. ఒడ్డు అంత దగ్గర కాబట్టే దాదాపు అందరినీ దించగలిగారు, ఇద్దరు మాత్రం గల్లంతయ్యారు.

అందుకే తెలిసిన కెప్టెన్ నేల తగిలిన నిమిషంలో "ఫుల్ ఆస్టర్న్" అని వెనక్కి లాగడు. లాగితే మూడు రకాల చేటు. మొదటిది, చిల్లులో బిరడాలా ఇరుక్కున్న రాయి ఊడొస్తుంది, అప్పటిదాకా సన్నగా వస్తున్న నీళ్లు వరదవుతాయి. రెండోది, కొంచెం చిరిగిన రేకు ఇంకా చిరుగుతుంది, ప్రొపెల్లరో చుక్కానో రాయికి తగిలి పోతుంది. మూడోది పుస్తకాల బయట తక్కువగా వినిపిస్తుంది. ఇసుకలోనో బురదలోనో ప్రొపెల్లర్ వెనక్కి తిప్పితే కలిసిన బురద నీళ్లన్నీ ఓడ పొట్ట కిందికి తోసుకొస్తాయి. జనరేటర్లను చల్లబరిచే సముద్రపు నీళ్లు లోపలికి పీల్చే తూములు ఉండేది అక్కడే. ఫిల్టర్లు బురదతో పూడుకుపోతాయి, జనరేటర్లు కాగిపోయి ఒకటొకటిగా ఆగుతాయి. చిల్లే పడని ఓడకు చేజేతులా కరెంటు పోగొట్టుకోవడమన్నమాట. అందుకే నేల తగిలిందని తెలియగానే ఇంజన్ రూంలో చేయాల్సిన తొలి పనుల్లో ఒకటి, అడుగున ఉన్న పీల్చే తూము మూసి పక్కన, ఎత్తులో ఉన్న తూముకు మార్చడం. ఒకటి రెండు వాల్వుల పని, గుర్తుంటే నిమిషాల్లో అయిపోతుంది.

ఇక లాగాలంటే ఎంత బలం కావాలి? పెన్ను కాగితం తీసుకుంటే తేలిపోయే లెక్క. 290 మీటర్ల ఓడ నీటిలో ఒక సెంటీమీటరు పైకో కిందికో కదలాలంటే దాదాపు 85 టన్నుల తేడా రావాలి, దీన్ని టీపీసీ అంటారు. ఓడ నేల మీద ఉండగా నీటి మట్టం 50 సెంటీమీటర్లు తగ్గిందనుకోండి. అంతకుముందు నీళ్లు మోసిన బరువులో 50 గుణించి 85, అంటే 4,250 టన్నులు ఇప్పుడు నేల మోస్తోంది. ఓడను జరపాలంటే ఆ బరువును నేల రాపిడితో గుణించాలి. బురదకు 0.2 నుంచి 0.3, ఇసుకకు 0.3 నుంచి 0.4, పగడపు దిబ్బకు 0.5 నుంచి 0.8, రాతికి 0.8 నుంచి 1.5 వేసుకుంటారు. ఇసుక మీద దాదాపు 1,500 టన్నుల లాగు కావాలి. రేవుల్లో మామూలుగా ఉండే టగ్ (పెద్ద ఓడలను లాగే చిన్న ఓడ) లాగేది 60, 70 టన్నులు. ఇరవైకి పైగా టగ్గులు కావాలి, అన్నిటికీ తాళ్లు కట్టే చోటు కూడా ఓడ మీద ఉండదు. రాతి మీదైతే ఆ లెక్క వేయడమే దండగ.

అదే నీటి మట్టం 50 సెంటీమీటర్లు తిరిగి పెరిగితే నేల మోసే బరువు సున్నా అవుతుంది, ఓడ తనంతట తాను తేలుతుంది. అందుకే టగ్గుల కంటే ముందు చూసేది ఆటుపోట్ల పట్టిక. పన్నెండు గంటల పాతిక నిమిషాలకు ఒకసారి పోటు వస్తుంది. ఆటు మీద తగిలిన ఓడ అదృష్టవంతురాలు, ఆరు గంటలు ఆగితే నీళ్లే వచ్చి ఎత్తుతాయి. నిండు పోటు మీద తగిలిన ఓడకు కష్టం. పౌర్ణమి, అమావాస్యల దగ్గరి పెద్ద పోటు మీద తగిలితే మరీ కష్టం. అష్టమి నాటి చిన్న పోట్లు అంత ఎత్తు రావు, మళ్లీ ఆ ఎత్తు నీళ్లు కావాలంటే పదిహేను రోజులు కాచుకోవాలి. లేదా ఓడ బరువు తగ్గించుకోవాలి: నిలకడ కోసం ట్యాంకుల్లో నింపుకునే బల్లాస్ట్ నీళ్లు, మంచినీళ్లు, ఈతకొలను నీళ్లు బయటికి, ఇంధనం ఇంకో ఓడలోకి. 85 టన్నులు దించితే ఒక సెంటీమీటరు. ప్రయాణికులందర్నీ దించినా ఎంత? 3,000 మంది, సామాన్లతో సహా 300 టన్నులు, నాలుగు సెంటీమీటర్లు కూడా కాదు. వాళ్లను దించేది ఓడను తేల్చడానికి కాదు.

2023 సెప్టెంబర్ 11న గ్రీన్‌లాండ్‌లోని ఆల్ప్‌ఫ్యోర్డ్‌లో 206 మందితో ఓషన్ ఎక్స్‌ప్లోరర్ ఇరుక్కుంది. రావాల్సిన డెన్మార్క్ నౌకాదళపు ఓడ 2,000 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. కానీ ఓడకు చిల్లు లేదు, కరెంటు ఉంది, వెచ్చదనం ఉంది, తిండి ఉంది. కదలకుండా కూర్చున్నారు. సెప్టెంబర్ 14న పోటు సమయం చూసుకొని తరాయోక్ అనే పరిశోధన నౌక లాగితే బయటపడింది. అంతకుముందటి ప్రయత్నాలు ఫలించలేదు. వార్తల్లో మూడు రోజులూ "చిక్కుకున్న ప్రయాణికులు" అని భయపెట్టారు గానీ, ఆ మూడు రోజుల్లో నిజంగా ఏమీ జరగకపోవడమే గెలుపు.

కూర్చోవడంలోనూ ఒక ప్రమాదం ఉంది. ఆటు దిగుతున్నకొద్దీ నేల కింది నుంచి తోసే బలం పెరుగుతుంది. అడుగు మొత్తం చదునుగా ఇసుకలో కూర్చుంటే పర్వాలేదు. మధ్యలో ఒక రాయి మీదనో, సన్నని గట్టు మీదనో నిలిస్తే ఓడ నిటారుగా నిలబడే శక్తి పడిపోతుంది. ఆ శక్తిని కొలిచేది జీఎం, చాలా క్రూయిజ్ ఓడలకు అది రెండు మూడు మీటర్లే ఉంటుంది. 50,000 టన్నుల ఓడ, బరువు కేంద్రం కీల్ (ఓడ అట్టడుగు) నుంచి 17 మీటర్ల ఎత్తు అనుకొని పై 4,250 టన్నులు నేల మోస్తోందనుకుంటే, పోయే జీఎం 4,250 గుణించి 17ను మిగిలిన 45,750తో భాగిస్తే వచ్చేది: దాదాపు 1.6 మీటర్లు. ఉన్నదాంట్లో సగానికి పైగా. ఇంతవరకు బాగానే నిలబడ్డ ఓడ, ఆటు దిగేకొద్దీ, ఎవరూ ఏమీ చేయకుండానే ఒరగడం మొదలుపెడితే కారణం ఇదే.

లోపలికి వచ్చిన నీళ్లు దీనికి తోడవుతాయి. తాంబాళంలో నీళ్లు పోసి ఎత్తుకొని నడిచి చూడండి, ఒక పక్కకు వంగిందంటే నీళ్లన్నీ ఆ పక్కకే ఉరుకుతాయి. అవే నీళ్లు బిందెలో పోస్తే అంత ఇబ్బంది ఉండదు. ఓడలోనూ అంతే, నీళ్లు పరుచుకున్న వెడల్పు ఘనాన్ని బట్టి ఈ చేటు పెరుగుతుంది. మధ్యలో నిలువుగా ఒక గోడ పెట్టి రెండు సగాలు చేస్తే చేటు నాలుగో వంతుకు పడిపోతుంది. కాంకార్డియా ఎడమ పక్క చిరిగి, ముందు ఎడమకే ఒరిగి, ఆఖరికి కుడి పక్కకు పడుకుంది. లోపల నీళ్ల కదలిక, గాలి, ఓడ తిరిగిన తీరు అన్నీ కలిస్తే చిల్లు ఒక దిక్కు, పడేది ఒక దిక్కు అవుతుంది. "చిల్లు ఎడమన ఉంది కాబట్టి కుడి పక్క బోట్లు భద్రం" అనే లెక్క నమ్మొద్దు.

తొలి అరగంటలో ఓడ మీద ఏం జరగాలి? బ్రిడ్జి మీద ఇంజన్ ఆపాలి, నీళ్లు దూరని తలుపులన్నీ మూయాలి. ఓడ నిటారుగా ఉండగా అన్నీ కలిసి 60 సెకన్లలో మూసుకోవాలని నిబంధన. అలారం మోగించాలి, ఆపద కబుర్లకు వాడే వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానెల్లో చెప్పాలి. వీడీఆర్ (ఓడ బ్లాక్‌బాక్స్) రికార్డు భద్రపరచాలి, నేల తగిలిన ఓడ గుర్తులు ఎత్తాలి: రాత్రి నిలువుగా రెండు ఎర్ర దీపాలు, పగలు మూడు నల్ల గోళాలు. ఇవన్నీ చేసేవే, వీటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

అసలు పని కింద జరుగుతుంది. ఒకరిద్దరు లోతు కొలిచే సౌండింగ్ టేపు తీసుకొని ట్యాంకు ట్యాంకుకూ తిరుగుతారు. టేపు కొసన ఇత్తడి గుండు, దాని మీద నీళ్లు తగిలితే రంగు మారే పేస్టు. ట్యాంకు పైపు మూత తిప్పగానే ముందు వినాలి. బుస్సుమని గాలి బయటికి తోస్తుంటే కింద ట్యాంకు నిండుతోందని అర్థం, టేపు దించకముందే సగం జవాబు వచ్చేసింది. ఆ తర్వాత టేపు దించి సెంటీమీటర్లు రాయాలి, పక్కన టైము వేయాలి, పది నిమిషాలకు మళ్లీ వచ్చి మళ్లీ కొలవాలి. ఒక్క కొలత దేనికీ పనికిరాదు, రెండు కొలతల మధ్య తేడాయే సమాచారం. ఖాళీగా ఉండాల్సిన ట్యాంకులో నీళ్లు, ఇంధనం ఉండాల్సిన దాంట్లో పేస్టు రంగు మారడం, ఇలాంటివి మూడు నాలుగు వరుసగా కనిపిస్తే చీలిక ఎక్కణ్నుంచి ఎక్కడికో కాగితం మీద గీయొచ్చు.

ఇంకొకరు ఓడ చుట్టూ లోతు కొలుస్తారు. సన్నని తాడుకు సీసం గుండు కట్టి ముందు నుంచి వెనుక దాకా పది మీటర్లకు ఒకసారి వేస్తారు. గుండు అడుగున గుంతలో కొవ్వు రాసి పెడితే నేల ముక్క అంటుకొని వస్తుంది: ఇసుకా, బురదా, గవ్వలా. వందల ఏళ్ల నాటి పద్ధతి, ఇప్పటికీ దీన్ని మించింది లేదు. ముందు భాగం నేల మీద, వెనుక భాగం లోతులో ఉందని తేలితే ఒక ఆలోచన. మొత్తం నేల మీదే ఉంటే ఇంకో ఆలోచన. ఓడ నీళ్లలో ఎంత లోతు మునిగిందో చూపే డ్రాఫ్ట్ అంకెలు ముందు, మధ్య, వెనుక చదివి, రేవు వదిలినప్పటి అంకెలతో పోలిస్తే నేల మోస్తున్న బరువు తెలుస్తుంది. గాలివాన వచ్చేట్టుంటే మామూలు బుద్ధికి ఎదురుగా కనిపించే పని చేస్తారు: బల్లాస్ట్ ట్యాంకులు నింపి ఓడను నేలకు ఇంకా గట్టిగా అదుముతారు. తేలీ తేలక అలలకు లేచి పడుతూ రాయి మీద దంచుకునే ఓడ కంటే కదలకుండా కూర్చున్న ఓడ మేలు.

ఆ కొలతలన్నీ ఒక్క ప్రశ్న కోసం: ఓడను వదలాలా, ఓడలోనే ఉండాలా. ఆ నిర్ణయానికి గడువు లైఫ్‌బోట్లు పెడతాయి. ఓడ 20 డిగ్రీల దాకా పక్కకు ఒరిగినా దించగలిగేలా బోట్ల ఏర్పాటు ఉండాలని నిబంధన. ఆ పైన భరోసా లేదు. పైకి లేచిన పక్క బోట్లు ఓడ గోడకు రాసుకుంటూ ఇరుక్కుంటాయి, కిందికి వాలిన పక్క బోట్లు దూరంగా వేలాడి జనం ఎక్కలేరు. ఒక్కో పక్కన కనీసం 37.5 శాతం మందికి లైఫ్‌బోట్లు ఉంటాయి, మిగతావాళ్లకు గాలి తెప్పలు, ఆ పైన 25 శాతానికి అదనపు తెప్పలు. ఆజ్ఞ వచ్చాక అన్నీ 30 నిమిషాల్లో నీళ్ల మీద ఉండాలి. కాంకార్డియాలో రాయి తగిలిన 48 నిమిషాలకు, 22:33కు అలారం మోగింది. వదలమన్న ఆజ్ఞ 22:54కు, అంటే 69 నిమిషాల తర్వాత. ఐదు గదులు మునిగాయన్న కబురు అంతకు చాలా ముందే బ్రిడ్జికి చేరింది. ఆ వ్యవధిలో ఓడ ఇంకా బోట్లు దించగలిగే వాలులోనే ఉంది. ప్రాణాలు పోయింది రాయి వల్ల ఎంతో, ఈ గంట వల్ల అంత.

అసలు ఎందుకు తగులుతాయన్నది వేరే పెద్ద కథ, ఇక్కడ రెండు మూడు ముక్కలు చాలు. కాంకార్డియా ఆ రాత్రి వాడింది లక్షకు ఒకటి స్కేలు చార్టు. అందులో ఒక మిల్లీమీటరు అంటే 100 మీటర్లు, 290 మీటర్ల ఓడ మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఒడ్డును ఆనుకొని పోవడానికి ఆ చార్టు పెట్టుకోవడం, జిల్లా పటం చూసి కాజీపేట గల్లీల్లో ఇల్లు వెతికినట్టు. 1995 జూన్ 10న రాయల్ మెజెస్టీ అమెరికాలో నాంటకెట్ దగ్గర ఇసుక తిన్నె ఎక్కింది. జీపీఎస్ యాంటెన్నా కేబులు ఊడిపోయి, యంత్రం అంచనా మీద స్థానం చూపిస్తోంది. స్క్రీన్ మీద చిన్న అక్షరాల్లో ఆ సంగతి ఉంది, 34 గంటలు ఎవరూ చూడలేదు, దారికి 17 మైళ్ల పక్కకు పోయారు. 1,509 మంది, ఒక్కరికీ గాయం లేదు, మర్నాడు టగ్గులు లాగేశాయి. తప్పు అంత పెద్దదైనా నేల ఇసుక కాబట్టి అట్ల ముగిసింది.

ఇంకో కారణం వేగం. తక్కువ లోతులో వేగంగా పోయే ఓడ నీళ్లలో ఇంకా కిందికి దిగుతుంది, దీన్ని స్క్వాట్ అంటారు. మోటు లెక్కగా బ్లాక్ కోఎఫిషియెంట్‌ను (ఓడ పొట్ట పెట్టెకు ఎంత దగ్గరగా ఉందో చెప్పే అంకెను) వేగం వర్గంతో గుణించి వందతో భాగిస్తారు. 0.65 ఉన్న ఓడ 10 నాట్ల దగ్గర 65 సెంటీమీటర్లు, 20 నాట్ల దగ్గర 2.6 మీటర్లు దిగుతుంది. వేగం రెండింతలు, దిగడం నాలుగింతలు. 1992 ఆగస్టు 7న క్వీన్ ఎలిజబెత్ 2 అమెరికా తీరంలో 25 నాట్ల వేగంతో రాళ్లకు తగిలినప్పుడు ఈ దిగడాన్ని తక్కువ అంచనా వేశారు. చార్టులోని లోతులేమో 1939 నాటి సర్వేవి. గాలిని కూడా లెక్కలో వేసుకోవాలి. క్రూయిజ్ ఓడ పక్క భాగం గాలికి ఎదురుగా పదివేల చదరపు మీటర్ల గోడ, 30 నాట్ల గాలి దాన్ని 140 టన్నులకు పైగా తోస్తుంది. రెండు టగ్గుల బలం. 2022 మార్చిలో డొమినికన్ రిపబ్లిక్‌లో ప్యూర్టో ప్లాటా రేవు వదులుతూ నార్వేజియన్ ఎస్కేప్ అట్లాంటి గాలికే మెరకెక్కింది, మర్నాడు తేలింది.

తగలకుండానే తగిలినంత పనైనదీ ఒకటుంది. 2019 మార్చి 23న నార్వేలో వైకింగ్ స్కై తుఫానులో ఉండగా ఇంజన్లు ఆగిపోయాయి. కారణం లూబ్ ఆయిల్. ట్యాంకులో మట్టం తక్కువ, అలలకు ఓడ ఊగినప్పుడల్లా పీల్చే పైపు నోటికి నూనె బదులు గాలి తగిలింది, ఒత్తిడి పడిపోయి ఇంజన్లు తమను తాము కాపాడుకోవడానికి ఆగాయి. లంగర్లు వేసి, ఓడ పొడవంత దూరంలో రాళ్లు ఉండగా ఒక ఇంజన్ తిరిగి అందుకుంది. 1,373 మందిలో 479 మందిని హెలికాప్టర్లతో లేపారు. అట్లాంటి సముద్రంలో రాతి మీద పడి ఉంటే పైన చెప్పుకున్న ఇసుక, ఆటుపోట్ల లెక్కలేవీ అక్కరకు రావు. బోట్లు దించలేని అలల్లో అంత మందిని హెలికాప్టర్లతోనే లేపాలి.

ఇక ఎక్కేవాళ్ల సంగతి. 2015 నుంచి ఓడ బయల్దేరకముందో, బయల్దేరిన వెంటనేనో మస్టర్ డ్రిల్, అంటే ఆపదలో ఎక్కడ చేరాలో చూపే కసరత్తు, జరగాలి. అంతకుముందు 24 గంటల గడువు ఉండేది, కాంకార్డియాలో ఆ సాయంత్రమే ఎక్కినవాళ్లకు డ్రిల్ కాలేదు. కాబట్టి ఎక్కిన రోజే మీ మస్టర్ స్టేషన్‌కు మెట్ల దారిన, లిఫ్టు లేకుండా, ఒకసారి నడిచి రండి. పెద్దవాళ్లు వెంట ఉంటే వాళ్లతో నడవండి, ఎన్ని నిమిషాలు పడుతుందో తెలుస్తుంది. లైఫ్ జాకెట్ ఎక్కడుందో చేత్తో తాకి చూడండి. అలారం ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత.

నేల తగిలిన కుదుపు వచ్చి, మైకులో "చిన్న కరెంటు సమస్య" అని వినిపిస్తే ఫోన్ తీసుకోండి. చాలా ఫోన్లలో గోడకు ఫొటో సరిగ్గా తగిలించడానికి వాడే లెవెల్ యాప్ ఉంటుంది. ఫోన్‌ను ఓడకు అడ్డంగా టేబుల్ మీద పెట్టి డిగ్రీలు, గంట రాసుకోండి. పది నిమిషాలకు మళ్లీ చూడండి. 3 డిగ్రీల దగ్గరే ఆగి ఉంటే ఓడ కుదురుకుంది. 3 కాస్తా 5, 5 కాస్తా 8 అయితే నీళ్లు ఎక్కడో ఇంకా వస్తున్నాయి. అప్పుడు గదిలో కూర్చోవద్దు. స్వెట్టరు, బూట్లు వేసుకొని, రోజూ వేసుకునే మాత్రలు జేబులో పెట్టుకొని, జాకెట్ పట్టుకొని మెట్ల మీదుగా మస్టర్ స్టేషన్‌కు పోండి. జాకెట్ తాడు ముడి అక్కడ సిబ్బంది చూసి సరిచేస్తారు.